బ్యాడ్జ్ ఇచ్చినంత మాత్రాన ట్రైనింగ్ గేమ్ అయిపోదు!

కొత్త ఉద్యోగంలో చేరిన మొదటి వారం ఎలా ఉంటుందో చాలామందికి తెలిసిందే. మెయిల్‌లో ఓ లింక్ వస్తుంది. సెక్యూరిటీ ట్రైనింగ్ వీడియో, చివర్లో క్విజ్. వీడియోని మ్యూట్ చేసి పక్క ట్యాబ్‌లో వదిలేస్తాం. క్విజ్‌లో తప్పు వస్తే ఇంకో ఆప్షన్ నొక్కుతాం. సర్టిఫికెట్ వచ్చేస్తుంది, పని అయిపోతుంది.

ఇది బోర్ అని కంపెనీలకూ తెలుసు. అందుకే చాలాచోట్ల అదే వీడియోకి పాయింట్లు, లెవెల్స్, బ్యాడ్జ్‌లు, లీడర్‌బోర్డ్ తగిలించి ‘గేమిఫికేషన్’ అంటున్నారు. నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తా. గేమ్‌లో మనం నేర్చుకునేది ఓడిపోయినా కొంప మునగదన్న ధైర్యంతోనే. ఆ ధైర్యాన్ని వదిలేసి పాయింట్లని మాత్రం ఆఫీసుకి తెచ్చుకుంటే ఉపయోగం తక్కువ, ఒత్తిడి ఎక్కువ.

ముందు తేడా చూద్దాం

గేమిఫికేషన్ అంటే గేమ్ కాని పనికి పాయింట్లు, బ్యాడ్జ్‌ల లాంటివి అతికించడం. గేమ్ బేస్డ్ లెర్నింగ్ అంటే నేర్చుకోవాల్సిన పనే గేమ్‌లో ఆడే ఆట కావడం. వినడానికి రెండూ ఒకేలా ఉన్నా, వాడేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది.

దీనికి మనందరికీ తెలిసిన ఉదాహరణ సాలిటేర్. 1990లో విండోస్ 3.0తో పాటు వచ్చిందది. అప్పటికి చాలామందికి మౌస్ అంటేనే కొత్త. పేకముక్కని పట్టుకుని, లాగి, ఇంకో ముక్క మీద వదలడం... అదే డ్రాగ్ అండ్ డ్రాప్! ఎవరూ క్లాస్ పీకలేదు, సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఆట ఓడిపోతే కొత్త ఆట మొదలుపెట్టుకోవడమే. ఆడుతూ ఆడుతూ చేతికి మౌస్ అలవాటైపోయింది.

తప్పు చేయడానికి ఓ చోటు

ఇంకా వెనక్కి వెళ్తే అమెరికాలో ఎడ్విన్ లింక్ 1929లో తయారుచేసిన ఫ్లైట్ ట్రైనర్ కనిపిస్తుంది. ఆయన నాన్నది ఆర్గాన్‌లు తయారుచేసే కంపెనీ. ఆ వాద్యంలో గాలి కొట్టే తిత్తులనే వాడి, నేల మీదే అటూ ఇటూ ఒరిగే బుల్లి విమానం చేశాడు. మొదట్లో సైన్యం పెద్దగా పట్టించుకోలేదు. 1934లో ఎయిర్‌మెయిల్ మోసే పని సైన్యానికి అప్పగించాక, సరిగ్గా దారి కనపడని వాతావరణంలో ఎగరాల్సి వచ్చి పైలట్లు ప్రమాదాల్లో చనిపోయారు. అప్పుడు ఆ ట్రైనర్ విలువ తెలిసొచ్చి కొన్నారు. ఆకాశంలో చేస్తే ప్రాణం తీసే తప్పుని గదిలో ఎన్నిసార్లు చేసినా మళ్లీ మొదలుపెట్టొచ్చు.

మన కాలానికి వస్తే, వాల్‌మార్ట్ తన స్టోర్ ఉద్యోగుల ట్రైనింగ్ కోసం 17,000 ఆక్యులస్ గో హెడ్‌సెట్లు తెస్తున్నట్టు 2018లో ప్రకటించింది. అంతకుముందే తన ట్రైనింగ్ అకాడమీల్లో బ్లాక్ ఫ్రైడే రద్దీ ఎలా ఉంటుందో వీఆర్‌లో చూపించడం మొదలుపెట్టింది. హెడ్‌సెట్‌లో కంగారుపడితే నిజమైన కస్టమర్‌కి ఏ ఇబ్బందీ లేదు కదా.

సైబర్ సెక్యూరిటీలో ‘క్యాప్చర్ ద ఫ్లాగ్’ పోటీలూ ఇంతే. కావాలనే లోపాలు పెట్టిన సిస్టమ్ ఇస్తారు. దాన్ని ఛేదించి లోపల దాచిన ‘ఫ్లాగ్’ని పట్టుకోవాలి. అందులో పాయింట్లు ఉంటాయి, కానీ అవి వచ్చేది అసలు పని చేస్తేనే. వీడియో పూర్తిగా చూసినందుకు ఎవరూ ఇవ్వరు.

స్కోర్ ఎవరి చేతిలో ఉంది?

అసలు చిక్కు ఇక్కడే ఉంది. గేమ్‌లో స్కోర్ మన కోసం. ఆఫీసులో అదే స్కోర్ మేనేజర్ స్క్రీన్ మీద ఉంటే? అది ఆటలా అనిపించదు, నిఘాలా అనిపిస్తుంది.

కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ హోటళ్ల లాండ్రీలో ఎవరు ఎంత వేగంగా పనిచేస్తున్నారో పేర్లతో సహా పెద్ద స్క్రీన్‌ల మీద చూపించేవారు. వెనకబడితే రంగు మారిపోయేది. అక్కడి కార్మికులు దానికి పెట్టుకున్న పేరు ‘ఎలక్ట్రానిక్ కొరడా’. ఈ సంగతి 2011లో పత్రికలకెక్కింది. అమెజాన్ గోదాముల్లో వస్తువులు తీసే వేగాన్ని బట్టి స్క్రీన్ మీద కార్లు పరుగెత్తే ‘మిషన్ రేసర్’ లాంటి గేమ్‌ల గురించి 2019లో వార్తలొచ్చాయి. ఇవి ట్రైనింగ్ కావు, నిజమే. కానీ స్కోర్‌ని పై అధికారి చూస్తుంటే మనిషి ఎలా మారతాడో ఇవి చెబుతాయి. తెలియనిది అడగడం మానేస్తాడు. కష్టమైనది ముట్టుకోడు. బోర్డులో పైకి తెచ్చేది ఏదో అదే చేస్తాడు. నేర్చుకోవడానికి ఇంతకంటే అడ్డం ఏముంటుంది?

అంటే పాయింట్లు అసలు వద్దా?

అలా అనడం లేదు. కీబోర్డ్ షార్ట్‌కట్‌లు, కొత్త భాషలో పదాలు... రోజూ కాస్త సాధన కావాల్సిన వాటికి స్ట్రీక్ బాగానే పనిచేస్తుంది. 2010లో మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చిన ‘రిబ్బన్ హీరో’ అలాంటిదే. వర్డ్, ఎక్సెల్ ఫీచర్లని అక్కడికక్కడే వాడితే పాయింట్లు వచ్చేవి. పని, ఆట ఒకే చోట ఉన్నాయి. మంచి సిమ్యులేషన్ తయారుచేయడం ఖర్చుతో కూడుకున్నదే, ప్రతి చిన్న కంపెనీ వీఆర్ హెడ్‌సెట్లు కొనలేదు. కానీ తప్పు చేయనివ్వడానికి వీఆర్ అక్కర్లేదు. కొత్తగా వచ్చినవాళ్లకి ఓ టెస్ట్ సర్వర్ ఇచ్చి ‘దీన్ని పడగొట్టి, మళ్లీ నిలబెట్టండి’ అన్నా చాలు.

కాబట్టి ఈసారి మీ ఆఫీసులో ‘సరదా ట్రైనింగ్’ అంటూ యాప్ ఇస్తే మూడు విషయాలు చూడండి:

- పాయింట్లు దేనికి ఇస్తున్నారు? పని చేసినందుకా, వీడియో చివరి దాకా నడిపినందుకా?
- ఓడిపోతే మళ్లీ ఆడనిస్తారా?
- మీ స్కోర్ మీ దగ్గరే ఉంటుందా, అప్రైజల్ దాకా వెళ్తుందా?

మూడో ప్రశ్నకి హెచ్‌ఆర్ నుంచి స్పష్టమైన జవాబు రాకపోతే, అది గేమ్ అనుకుని ఆడకండి. పరీక్ష అనుకునే రాయండి. ఇక మీలో కొందరు రేపు ఇలాంటి యాప్‌లు తయారుచేసేవాళ్లే. లీడర్‌బోర్డ్ కోడ్ రాసేముందు ‘మళ్లీ ఆడు’ బటన్ పెట్టండి.