ఇంజన్ ఆపి విన్నావా?

మన ఈసీఈ వాళ్ళకి 'నాయిజ్' అనే మాట కొత్తేం కాదు. సిగ్నల్‌కీ నాయిజ్‌కీ నిష్పత్తి ఎంత అని అర్ధరాత్రి నిద్రలేపి అడిగినా ఫార్ములా చెప్పేస్తాం. నేనూ అంతే. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఆ నాయిజ్ నిజంగానే ఎదురొచ్చింది. నాకు ఫార్ములా వచ్చు గానీ వినడం రాదని అప్పుడు తెలిసింది.

మా పెద్దమ్మ కొడుకు టెక్సస్‌లో ఉంటాడు. ఈ మధ్య పాత పికప్ ట్రక్కు ఒకటి కొన్నాడు. అందులో మునుపటి ఓనరు వదిలేసిన సీబీ రేడియో ఉంది. సీబీ అంటే సిటిజన్స్ బ్యాండ్. అమెరికాలో 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానళ్ళు ఉంటాయి. లైసెన్సు అక్కర్లేదు, ఏఎంలో 4 వాట్లు మించకూడదు, అంతే. 19వ ఛానల్ లారీ డ్రైవర్లది, 9వది అత్యవసరానికి. ఫోన్ సిగ్నల్ అందని హైవే మీద ముందు యాక్సిడెంట్ అయిందనో, మంచు పడుతోందనో ఎదురొచ్చే డ్రైవర్ చెబితే తెలుస్తుంది. "వాట్సాప్ ఉండగా ఇదెందుకు?" అని నేనూ అడిగాను. "టవర్ లేని చోట వాట్సాప్ ఏం చేస్తుంది బుజ్జీ?" అన్నాడు.

చిక్కల్లా ఏంటంటే, బండి కదిలితే చాలు, రేడియోలో గరగర తప్ప మాట వినపడట్లేదట. ఇంట్లో ఈసీఈ చదివే మనిషిని నేనే కాబట్టి నాకు వీడియో కాల్ చేశాడు. నేను తడుముకోకుండా, "యాంటెనా వీక్‌గా ఉంది అన్నయ్యా, మంచిది మార్చు" అన్నాను. పాపం, నా మాట నమ్మి కొత్త యాంటెనా కొన్నాడు. గరగర అలాగే ఉంది. డబ్బులు మాత్రం పోయాయి.

రెండోసారి కాల్ చేసినప్పుడు మా నాన్న పక్కనే ఉన్నారు. నాన్న విజయవాడ ఆటోనగర్‌లో లారీల ఎలక్ట్రీషియన్. సీబీ రేడియోని కంటితో చూసింది లేదు. ఆ గోల కాసేపు విని, "ఒరేయ్, ఇంజన్ ఆపి విన్నావా?" అన్నారు.

నేను అడగాల్సిన మొదటి ప్రశ్న అదే. నాకది తట్టనేలేదు.

అన్నయ్య ఇంజన్ ఆపి, తాళం సగం తిప్పి రేడియో పెట్టాడు. అప్పటిదాకా ఒకే గోల అనుకున్నది రెండు గోలలని తేలింది. యాక్సిలరేటర్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉన్న ఈల ఆగిపోయింది. సన్నటి చిటపట మాత్రం మిగిలింది. "ఆ ఈల డైనమోది. ఇప్పుడు యాంటెనా వైరు పీకి విను" అన్నారు నాన్న. అక్కడ నాకు తెలిసిన ఒక్క ముక్క పనికొచ్చింది: "యాంటెనా లేనప్పుడు మైకు బటన్ నొక్కకన్నయ్యా, ట్రాన్స్‌మీటర్ కాలిపోవచ్చు."

వైరు పీకగానే చిటపట పోయింది. అంటే అది గాల్లోంచి యాంటెనాకి చేరుతోందన్నమాట. యాంటెనా లేకుండానే మళ్ళీ ఇంజన్ స్టార్ట్ చేస్తే ఈల తిరిగొచ్చింది. అంటే అది గాల్లోంచి కాదు, కరెంటు వైరులోంచి వస్తోంది. ఆల్టర్నేటర్ ఇచ్చేది ఏసీ. డయోడ్లు దాన్ని డీసీ చేసినా కొంత అల మిగులుతుంది. ఇంజన్ వేగం పెరిగితే ఆ అల ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, ఈల సన్నబడుతుంది. ఇదంతా రెండో సంవత్సరంలో 'రిపుల్' అనే పేరుతో నేను చదివి, పాసై, మర్చిపోయిన పాఠమే. దాన్ని చెవితో వినొచ్చని మాత్రం ఎవరూ చెప్పలేదు.

తరవాత పని చకచకా అయింది. రేడియోకి కరెంటు సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి వస్తోంది. బండిలో సగం సామాన్లు ఉన్న లైను అది. మర్నాడు అన్నయ్య మందపాటి వైర్లు నేరుగా బ్యాటరీ నుంచి లాగి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టాడు. ఈల దాదాపు పోయింది. చిటపట కోసం బండిలో సామాన్లు ఒక్కొక్కటే తీసేస్తూ విన్నాడు. దొంగ దొరికింది, చవక ఫోన్ చార్జర్! దాని లోపలి స్విచింగ్ సర్క్యూట్ ఒక చిన్న ట్రాన్స్‌మీటర్‌లా పనిచేస్తోంది. చివరగా యాంటెనా బిగించిన చోట పెయింటు గీకి, "బాడీ ఎర్త్" ఇనుముకి ఇనుము తగిలేలా చేయించారు నాన్న. 27 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు సుమారు 11 మీటర్లు, అందులో పావు వంతు 2.75 మీటర్లు. పైకి కనిపించే కడ్డీ యాంటెనాలో సగమే, మిగతా సగం బండి బాడీ. మధ్యలో పెయింటు అడ్డుంటే ఎంత ఖరీదైన కడ్డీ పెట్టినా అరకొరగానే పనిచేస్తుంది.

ఇదంతా మా నాన్న గొప్ప చెప్పుకోడానికి రాయట్లేదు (కొంచెం అదీ ఉందనుకోండి). నా అభిప్రాయం ఒకటుంది. మన ల్యాబులు మనకి జవాబు చెప్పడం నేర్పుతున్నాయి, ప్రశ్నలు వరసలో అడగడం నేర్పట్లేదు. వైవాలో 'నాయిజ్ రకాలు చెప్పు' అంటారు. థర్మల్, షాట్, ఫ్లికర్ అని అప్పజెబుతాం. 'ఇదిగో రొద, ఇది ఎటు నుంచి వస్తోందో చెప్పు' అని ఎవరూ అడగరు.

రొదని వేరుచేసి వినడం మెకానిక్ పనే అనుకోనక్కర్లేదు. 1930ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో కార్ల్ జాన్‌స్కీ అనే ఇంజనీరుకి అప్పగించిన పని ఇంచుమించు అన్నయ్య సమస్యే. అట్లాంటిక్ అవతలికి మాట్లాడే రేడియో టెలిఫోన్‌కి అడ్డొచ్చే రొద ఎక్కడిదో కనుక్కోవాలి. ఆయన ఫోర్డ్ మోడల్ టీ కారు చక్రాల మీద గుండ్రంగా తిరిగే పెద్ద యాంటెనా కట్టి 20.5 మెగాహెర్ట్జ్ దగ్గర విన్నాడు. రొదని మూడు కుప్పలు పోశాడు: దగ్గరి ఉరుములది, దూరపు ఉరుములది, ఎటుదో తెలియని సన్నటి బుస. ఆ మూడోదాన్ని 'పోనీలే' అని వదల్లేదు. అది పాలపుంత మధ్య భాగం వైపు నుంచి వస్తోందని 1933లో ప్రకటించాడు. రేడియో ఖగోళశాస్త్రం అక్కడ మొదలైంది. ఆయన ముందే ఫిల్టర్ పెట్టి నొక్కేసుంటే?

మన దగ్గర ఏం జరుగుతుంది? కిట్ పనిచేయకపోతే 'పక్క బ్యాచ్ రీడింగులు వేసుకోండి' అంటారు. మనమూ హమ్మయ్య అనుకుంటాం. రేడియోలో స్క్వెల్చ్ నాబ్ తిప్పడం లాంటిదే ఇదీ. స్క్వెల్చ్ ఎక్కువ తిప్పితే గరగర వినపడదు, దాంతో పాటు దూరం నుంచి సాయం అడిగే గొంతూ వినపడదు. నన్నడిగితే ఆ రోజు ఆ గదిలో అసలైన ల్యాబు ఆ పాడైన కిట్టే. మనం దాన్ని పక్కకి నెట్టి, బాగున్న కిట్ ముందు ముందే తెలిసిన జవాబు రాస్తున్నాం.

నిజమే, 60 మంది, 3 గంటలు, సిలబస్ అయిపోవాలి. సార్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కొత్త పరికరాలు కొనమని అడగట్లేదు. సెమిస్టర్‌కి ఒక్క ల్యాబు, పాడైన కిట్ ఒకటి బల్ల మీద పెట్టండి. బాగుచేసినందుకు మార్కులు వద్దు. ఏ ప్రశ్న తరవాత ఏ ప్రశ్న అడిగామో, ఒక్కో పరీక్షతో దేన్ని కొట్టేశామో రికార్డులో రాస్తే మార్కులివ్వండి. అది పక్కవాడి రికార్డులోంచి దించడం కూడా కుదరదు!

అన్నయ్య మొన్న ఒక వాయిస్ మెసేజ్ పంపాడు. ఎవరో డ్రైవర్ రోడ్డు పని జరుగుతోందని చెబుతున్నాడు. మాట స్పష్టంగా ఉంది, వెనక సన్నటి బుస ఇంకా ఉంది. నాన్నకి వినిపిస్తే, "ఆ మాత్రం ఉంటుందిలే, అది బండిది కాదు" అన్నారు.

పోయిన వారం మా బ్యాచ్‌కి వచ్చిన సీఆర్ఓ మీద వేవ్ రాలేదు. "వేరేది తీసుకోండమ్మా" అన్నారు సార్. "ఒక్క ఐదు నిమిషాలు చూస్తాం సార్" అన్నాను. ప్రోబ్ మార్చి చూశాం, వేవ్ వచ్చింది. పాత ప్రోబ్ వైరు మెడ దగ్గర తెగి ఉంది. దాన్ని పట్టుకోడానికి మూడు నిమిషాలు పట్టింది. ఆ సీఆర్ఓ 'పనిచేయదు' అనే చీటీతో ఎన్నాళ్ళ నుంచి మూల పడి ఉందో!