మాత్రను ప్రశ్నించేది వేరు, మానేసేది వేరు

మేము బడిలో తమిళమే చదివినాము. తెలుగు అక్షరాలు రిటైర్ అయినాకే నేర్చుకొన్నాము, తప్పులుంటే మన్నించండి. ఈ సంగతి మాత్రం తెలుగులోనే రాయాల. ఎందుకంటే తప్పు జరిగింది భాష దగ్గరే.

మా చెల్లెలి పెనిమిటి పోయిన మూడో నెల. "రాత్రి మామ వచ్చి మంచం పక్కన కూచున్నారు, నీళ్ళు అడిగినారు" అనింది. నిదర లేదు, అన్నం లేదు. భయపడి మదురైలో ఒక డాక్టరు దగ్గరికి పిలుచుకొని పోయినాము. ఆయన తమిళంలో అడిగినారు, ఆమె ఇంటి తెలుగులో గొణిగింది, నడుమ మేము తమిళంలో జవాబు చెప్పినాము. "ఎవరో కనబడతారంట, మాట్లాడతారంట" అన్నాము. ఆ వచ్చేది పోయిన పెనిమిటే అని చెప్పనే లేదు. పది నిమిషాలలో సైకోసిస్ అని రాసినారు. రిస్పెరిడోన్ ఇచ్చినారు. రెండు నెలలకు చేతులు వణికినాయి, నడక బిగుసుకొనింది. ఆ వణుకుకు ట్రైహెక్సిఫెనిడిల్ అని ఇంకొక మాత్ర.

అప్పుడు మేము రెండో తప్పు చేసినాము. పండగకు వచ్చిన బంధువులు "అంతా విషం" అంటే ఒక్క రోజులో అన్నీ ఆపేసినాము. వారమంతా వాంతులు, నిదర లేదు, ఒకటే అలజడి. "చూడండి, జబ్బు తిరిగి వచ్చింది" అని డోసు పెంచినారు.

రెండేళ్ళ తరువాత ఇంకొక డాక్టరమ్మ మమ్మల్ని బయట కూచోమని, తెలుగు తెలిసిన నర్సును పెట్టుకొని ఆమెనే అడిగింది. "వచ్చింది ఎవరు? భయం వేసిందా?" "భయమెందుకు, నా మామే కదా" అనిందంట. 1971లోనే డెవీ రీస్ అనే డాక్టరు వేల్సులో భార్యనో భర్తనో పోగొట్టుకొన్న 293 మందిని అడిగితే, దాదాపు సగం మంది పోయినవాళ్ళు దగ్గర ఉన్నట్టు తోచిందనో, కనబడినారనో, వినబడినారనో చెప్పినారు. అది దుఃఖం, పిచ్చి కాదు. డాక్టరమ్మ ఆరు నెలలలో మెల్లగా తగ్గించి ఆపింది. చెల్లెలు ఇప్పుడూ ఏడుస్తుంది. ఏడవనీ.

గూడ్స్ ఆఫీసులో వేగను మీద లేబిల్ తప్పు పడితే, లోపల ఏమున్నా సరే, బండి ఆ లేబిల్ ఊరికే పోతుంది. ఎవరో ఒకరు తలుపు తెరిచి చూడాల. అక్కడ లేబిల్ రాసింది డాక్టరు, చేతికి కలం అందించింది మేము.

దీనికి చట్టం ఉంది. 2018 మే 29 నుంచి అమలులో ఉన్న 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ ప్రకారం జబ్బు ఏమిటి, వైద్యం ఏమిటి, మందుల చెడు గుణాలు ఏమిటి అని రోగికి అర్థమయ్యే భాషలో చెప్పాల. మన ఆడవాళ్ళకు అర్థమయ్యే భాష ఇంటి తెలుగు. అడగడానికి సిగ్గెందుకు?

ఇది చదివి ఎవరూ రేపు మాత్రలు పారేయవద్దు. మా బంధువుల పిల్లాడు ఒకడు లిథియం మింగుతూ, రక్తపరీక్ష తప్పకుండా చేసుకొంటూ, బంగారంలాగా ఉద్యోగం చేస్తున్నాడు. ఆ మందే వాణ్ణి నిలబెట్టింది. సందేహముంటే ఇంకొక డాక్టరును చూడండి, ఆపాలంటే ఆయన చెప్పినట్టే మెల్లగా ఆపండి. ఎవరూ దొరకకపోతే 14416కు ఫోన్ చేయండి, అది సర్కారు టెలి మానస్, కాసు అడగరు.

డాక్టరు గదిలో మన ఇంటివాళ్ళ తరఫున మనం మాట్లాడే ముందు, వాళ్ళను ఒక్క నిమిషం మాట్లాడనిద్దాము. మేము అది చేయలేదు. రెండేళ్ళు ఆమె చేతులు వణికినాయి.