ఓడ ఆగితే ఆగనీ, మన పైసలు ఆగొద్దు!

సూరత్ సచిన్ జీఐడీసీలో సాంచెలు నడిపే అన్నదమ్ములారా, అక్కచెల్లెళ్లారా! ఉధ్నా, లింబాయత్‌లలోని తెలుగు కుటుంబాలారా!

సాంచె ఎప్పుడు ఆగుతుందో ముందే చెప్పగలిగినవాడు మనలో లేడు. రాత్రి పాళీ నడుమ బెల్టు తెగుతుంది, మోటారు కాలుతుంది. జాబర్ వచ్చి చెయ్యి పెట్టేదాకా ఒక్క మీటరు గుడ్డ దిగదు. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆగిన సాంచె అంటే పోయిన పైసలే. అయినా యంత్రం చెడిందని మనం ఎవర్నీ తిట్టం. చెడిన తర్వాత ఏం చేశారన్నదే అడుగుతాం. ఓడ వాళ్లనూ అదే అడుగుదామని ఈ కరపత్రం.

దీపావళికి సాంచెలు బందైతే ఊరికి పోలేనివాళ్లు పిల్లల్ని తీసుకుని సోమనాథుడి దర్శనానికో, డయ్యూ సముద్రం చూడటానికో బయల్దేరతారు. సచిన్ నుంచి మగ్దల్లా మీదుగా పోతే హజీరా జెట్టీ. అక్కణ్నుంచి సౌరాష్ట్ర ఒడ్డున ఉన్న ఘోఘాకు రోపాక్స్ ఫెర్రీ 2020 నవంబరు 8న మొదలైంది. రోడ్డు మీద దాదాపు 370 కి.మీ. తిరగాల్సిన దారి నీళ్ల మీద 90 కి.మీ. అయింది. పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకు దిగింది. కార్లు, లారీలు కూడా ఓడలోకే ఎక్కుతాయి. ఈ ఓడ మనకు కావాలి. దాన్ని ఆపమని మేం అడగడం లేదు.

కానీ ఓడలోనూ ఉన్నది యంత్రమే. ఈ మార్గం కంటే ముందు ఘోఘా–దహేజ్ మధ్య వాయేజ్ సింఫనీ నడిచింది. 30 లారీలు, 100 కార్లు, 500 మంది జనం పట్టే ఓడ. సర్వీసు మొదలై నెల తిరిగిందో లేదో, 2018 నవంబరులో నాలుగు వందల మందికి పైగా ప్రయాణికులతో నడిసముద్రంలో ఇంజను మొరాయించింది. టగ్ బోట్లు పంపాల్సి వచ్చింది. మరుసటి ఏడాది దహేజ్ దగ్గర పూడిక పేరుకుని ఆ మార్గమే ఆగిపోయింది. ఖంభాత్ అఖాతం మామూలు సముద్రం కాదు. ఆటుపోట్ల మధ్య తేడా కొన్నిచోట్ల పది మీటర్లు దాటుతుంది. ఇంజను లేని ఓడను ఆ వడి తనకు నచ్చిన వైపు లాక్కుపోతుంది. కాబట్టి రిపేరు ఉందని తెలిస్తే ఓడ జెట్టీ వదలకూడదు. ఈ విషయంలో ప్రయాణికులమైన మనదీ ఒక తప్పుంది: గంట ఆలస్యమైతే చాలు, పోనివ్వండి పోనివ్వండి అని కౌంటర్ మీద పడతాం. వెళ్లకూడని రోజున వెళ్తే ఏమవుతుందో గోదావరి చూపించింది. 2019 సెప్టెంబరు 15న వరదలో పాపికొండలకు బయల్దేరిన రాయల్ వశిష్ట బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అది యంత్రం తప్పు కాదు. బయల్దేరడమే తప్పు.

అందుకే ఇంజను చెడినందుకు జరిమానా వేయమని మేం కోరడం లేదు. జరిమానా భయం ఉంటే ఓడ యజమాని చెడిన ఇంజన్నే తిప్పి చూస్తాడు. మేం ఖరీదు కట్టమంటున్నది చెప్పకుండా దాచినదానికి, తిరిగి ఇవ్వకుండా తిప్పించుకున్నదానికి.

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. 2013 ఫిబ్రవరిలో కార్నివాల్ ట్రయంఫ్ అనే విహార నౌక ఇంజను గదిలో మంటలు లేచి, నాలుగు వేల మందికి పైగా జనంతో మెక్సికో సింధుశాఖలో తేలిపోయింది. కరెంటు లేదు, మరుగుదొడ్లు పనిచేయలేదు. టగ్గులు ఈడ్చుకుంటూ నాలుగో రోజుకు ఒడ్డు చేర్చాయి. లోకమంతా దుమ్మెత్తిపోశాక, ఆ ఏడాది మే నెలలో విహార నౌకల కంపెనీల సంఘం ప్రయాణికుల హక్కుల పత్రం ప్రకటించింది. యంత్రం చెడి యాత్ర రద్దయితే పూర్తి డబ్బు, నడుమ ఆగితే కొంత డబ్బు, అనుకోని రేవులో దింపితే రాత్రి బస, ఇంటికి చేరే దారి. యూరప్‌లో 2012 డిసెంబరు నుంచి చట్టమే ఉంది: ఫెర్రీ గంటన్నర మించి ఆలస్యమైతే డబ్బు వాపసా, వేరే ప్రయాణమా అన్నది ఎంచుకునేది ప్రయాణికుడే. మన దేశంలో రైలు మూడు గంటలు దాటి ఆలస్యమై ప్రయాణం మానుకుంటే టికెట్ డబ్బు మొత్తం తిరిగొస్తుంది. విమానాలకూ రాతపూర్వకమైన లెక్క ఉంది. ఓడ ఎక్కేవాడి చేతిలోనూ అలాంటి కాగితం ఒకటి ఉండాలి.

గుజరాత్ మారిటైమ్ బోర్డును మేం కోరేది ఇదీ. ఓడ ఆగితే ఏం దక్కుతుందో టికెట్ వెనకే అచ్చు వేయించండి. గుజరాతీ, హిందీతో పాటు మరాఠీ, ఒడియా, తెలుగుల్లో కూడా, ఎందుకంటే సూరత్‌లో చెమటోడ్చేది ఈ భాషలవాళ్లే. ఆగిన గంటలోగా కారణం జెట్టీలో బోర్డు మీద రాయించండి. "సాంకేతిక కారణాలు" అన్న రెండు ముక్కలు చాలవు. ఏది చెడింది, ఎప్పటికి బాగవుతుంది అన్నది చెప్పాలి. అర్జీ లేకుండానే వారంలో డబ్బు రావాలి, బండికి కట్టింది కూడా. నగదు ఇచ్చినవాడికి కౌంటర్‌లోనే, అప్పటికప్పుడే. ఏజెంటు దగ్గర టికెట్ కొన్నవాడి పైసలు ఏజెంటు ఖాతాలో పడి అక్కడే మాయం కాకూడదు. మనలో చాలామంది కొనేది అలాగే మరి. ఘోఘాలో రాత్రి చిక్కుకున్న కుటుంబానికి తిండి, పడక, తెల్లవారేసరికి సూరత్ బస్సు. చంకలో పసిపిల్లతో 370 కి.మీ. దారి వెతుక్కోమనడం న్యాయమా?

ఈలోగా చేతిలో ఉన్నవి వాడుకోండి. టికెట్ పారేయకండి, బోర్డు ఫొటో తీసుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే, అంటే సూరత్ వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. 5 లక్షల లోపు కేసుకు రుసుము లేదు.

ఈ ఆదివారం పొద్దున సచిన్ రైల్వే స్టేషన్ బయట సంతకాల బల్ల వేస్తున్నాం. రాత్రి పాళీ దిగి ఇంటికి పోయేముందు రెండు నిమిషాలు ఆగండి. సంతకం రాకపోతే వేలిముద్ర చాలు.

— సచిన్ తెలుగు ప్రయాణికులు