పాత చింతకాయ పచ్చడేనా?

వేసవి సెలవులు సమీపించగానే కాలనీ ఇళ్లలో తరచుగా వినవచ్చే సంభాషణ ఒకటుంది. "ఈ ఆట కిందటి ఏడాదే కొన్నాము కదా!" అని తండ్రి ఆశ్చర్యపడతాడు. "అది పాత భాగం నాన్నా, ఇది కొత్తది" అని పిల్లవాడు బదులిస్తాడు. వీడియో గేమ్ కంపెనీలు నూతన కల్పనలను విడిచి, పేరుపడిన ఆటలకే కొనసాగింపులు అల్లుతున్నాయా? ఈ మాసం ఈ విషయాన్ని పాఠకుల ముందుంచుతున్నాము.

ఉదాహరణలకు కొదువ లేదు. 'కాల్ ఆఫ్ డ్యూటీ' అనే యుద్ధక్రీడ 2003లో వెలువడింది. 2005 నుండి ఏటా ఒక కొత్త భాగం వస్తూనే ఉంది. జపానుకు చెందిన 'ఫైనల్ ఫాంటసీ' 1987లో ప్రారంభమైంది. పేరులో 'చివరిది' అన్న అర్థమున్నా, 2023లో దాని పదహారవ భాగం విడుదలైంది!

ఇందుకు కంపెనీలను పూర్తిగా తప్పుపట్టలేము. ఒక భారీ ఆట రూపొందడానికి వందలాది సిబ్బంది, కొన్నేళ్ల శ్రమ, అపారమైన పెట్టుబడి అవసరం. కొత్త ఆట విఫలమైతే ఆ దెబ్బ సిబ్బంది ఉపాధికీ తగులుతుంది. తెలిసిన పేరుకు కొనేవారు ముందే సిద్ధంగా ఉంటారు. ఉత్పత్తి, గిట్టుబాటు అన్న మాటలు నిత్యం వినే మనకు ఈ లెక్క అపరిచితం కాదు.

అయితే ఆ లెక్కకూ ఒక హద్దుంది. ఫ్రాన్సు దేశపు యూబీసాఫ్ట్ సంస్థ 'అసాసిన్స్ క్రీడ్' ప్రధాన భాగాలను 2009 నుండి 2015 వరకు ఏటా విడుదల చేసింది. ఫ్రెంచి విప్లవ నేపథ్యంతో 2014లో వచ్చిన భాగం లోపాలమయం కావడంతో సంస్థ బహిరంగంగా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2016లో ప్రధాన భాగం విడుదల చేయక విరామం తీసుకుని, 2017లో ప్రాచీన ఈజిప్టు కథతో, మార్చిన ఆటతీరుతో వచ్చి మన్నన పొందింది. దోషం కొనసాగింపులో కన్నా తొందరలోనే ఎక్కువగా ఉందని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మరొక సంగతి మరువరాదు. 1984లో సోవియట్ దేశంలో పుట్టిన 'టెట్రిస్'కు గాని, 2011లో పూర్తిరూపం దాల్చిన 'మైన్‌క్రాఫ్ట్'కు గాని ముందు భాగమంటూ లేదు. ప్రతి ప్రసిద్ధ పరంపరకూ ఎవరో ఒకరు సాహసించి తెచ్చిన తొలి ఆటే మూలం. నేడు ఆ సాహసం కొరవడితే రేపు కొనసాగించడానికి ఏమీ మిగలదు.

విసుగు పుట్టించే దానిని మనం పాత చింతకాయ పచ్చడి అంటాము. కాని జాడీలోని ఆ పచ్చడినే తీసి, కొత్తగా నూరి, పోపు పెడితే ఇంటిల్లిపాదీ ఇష్టంగా తింటారు. కావలసింది ఆ కొత్త పోపే. కనుక తల్లిదండ్రులకు మా సూచన ఒక్కటే: కొనేముందు "ఇందులో కొత్తదేమిటి?" అని పిల్లలను అడగండి. రెండు విశేషాలు చెప్పగలిగితే సంతోషంగా కొనండి. అంకె మాత్రమే మారి ఉంటే, పాత ఆటనే మరికొన్నాళ్లు ఆడుకోమనండి.