పురాతన వస్తుశాలను చూచుట యెట్లు?

చెన్నపురిలోని ఎగ్మూరు వస్తుప్రదర్శనశాలను పూర్వము జనులు ‘చచ్చిన కాలేజీ’ యనియు, జంతుశాలను ‘బ్రతికిన కాలేజీ’ యనియు పిలుచుచుండెడివారు. ఈ పేరు హాస్యమునకు పుట్టినదే యైనను, మనలో పెక్కుమంది నేటికిని ఆ శాలను అట్లే చూచుచున్నారు. ఉదయమున ప్రవేశించి, గదివెంట గది గడచి, మధ్యాహ్నమునకు కాళ్లనొప్పులతో వెలుపలికి వచ్చి, ‘అన్నియు చూచితిమి’ అందురు. వారు నడచిరే గాని చూడలేదని నా యభిప్రాయము. ఒక్క శిలను చక్కగా చూచినవాడు నూరు గదులు తిరిగినవానికంటె అధికముగా చూచినవాడు.

ఆ శాల 1851వ సంవత్సరమున స్థాపితమై, 1854లో పాంథియన్ అను తోటబంగళాకు మారినది. అందు ఆంధ్రులు విశేషముగా చూడదగినవి అమరావతి శిల్పములు. కృష్ణాతీరమున క్రీస్తునకు పూర్వమే ఆరంభమై, శాతవాహనుల కాలమున వైభవము నొందిన మహాస్తూపమునకు చెందిన ఫలకములవి. వానిలో నొక వర్తులఫలకమును ఉదాహరణముగా గైకొందము. మదించిన నాలగిరి యను ఏనుగును బుద్ధుడు శాంతింపజేసిన కథ దానియందు చెక్కబడినది. త్వరపడి చూచువానికి రెండేనుగులు కనబడును. నిలిచి చూచువానికి అది ఒక్కటే యేనుగని తెలియును. ఒకవైపున అది వీథిలో జనులను త్రొక్కుచున్నది. వేరొకవైపున బుద్ధుని పాదములచెంత మోకరిల్లినది. స్త్రీలు భయమున వెనుకకు ఒదుగుచున్నారు. మేడల కిటికీలనుండి జనులు తొంగిచూచుచున్నారు. క్రోధమును శాంతియు, రెండు గడియలు, ఒక్క రాతిలో! ఈ శిల్పిని ‘చచ్చినవా’డని యెట్లనవచ్చును?

‘పుస్తకములో చిత్రము చూచిన చాలదా? ఇంత వ్యయమేల?’ అని తల్లిదండ్రు లడుగవచ్చును. చిత్రము కథను తెలుపును. కాని ఉలి ఎంతలోతు దిగినదో, ప్రక్కనుండి వెలుగు పడినప్పుడు ముఖము లెట్లు మేల్కొనునో శిలయెదుట నిలిచినగాని తెలియదు.

ఇంతకంటె ముఖ్యమైన ప్రయోజనము వేరొకటి కలదు. ఈ రాళ్లు చెన్నపురి కేల వచ్చెను? 18వ శతాబ్ది చివర కాలిన్ మెకంజీ అమరావతిని దర్శించునాటికే జనులు ఆ దిబ్బను రాళ్లగనిగా వాడుకొనుచుండిరి. ఆ పలకలు సున్నపురాయి యగుటచే కొన్ని కాలి గోడల సున్నమైనవి. కొన్ని క్రొత్త కట్టడములలో చేరినవి. 1845లో వాల్టర్ ఎలియట్ త్రవ్వించిన పలకలు చెన్నపురికి చేరెను. వానిలో 100కు పైగా 1859లో లండనునకు ఓడలో పోయినవి. నేడవి బ్రిటిష్ మ్యూజియమున నున్నవి. కొన్ని మాత్రము అమరావతియందే కలవు. తొలుత ఏ పలక ఎచ్చట నుండెనో సరిగా వ్రాసియుంచనందున, స్తూపపు రూపమును పండితులు ముక్కలనుబట్టి ఊహింపవలసివచ్చినది. దూరదేశమునకు కొనిపోయినవారిని నిందించుట సులభము. కాని సున్నపుబట్టీలో కాలినవానిని ఏ దేశమునుండి తిరిగి తెత్తుము? విలువ నెరుగమియే మొదటి దొంగ.

కావున విద్యార్థులారా, వస్తుశాలకు పోవునపుడు ముందుగా ఒక్క గదిని గూర్చి చదివి పొండు. పెన్సిలును చిన్నపుస్తకమును వెంటగొని, మీకు నచ్చిన ఒక్క వస్తువునెదుట అరగంట నిలువుడు. వచ్చినట్లు దాని బొమ్మ గీయుడు. చేతితో తాకకుడు, వేలాది చేతుల చెమట రాతినైనను చెరచును. ఉపాధ్యాయులు సైతము పిల్లలను దండువలె నడిపింపక, నిలుచుటకు అవకాశ మీయవలెను.

తిరిగివచ్చినపిదప మీ గ్రామమును చూడుడు. చెరువుగట్టున ఒరిగిన వీరగల్లు, పాడుగుడిలోని శాసనము, పొలములో నాగటికి తగిలిన శిల్పఖండము—ఇవియు ఆ శాలలోని వస్తువుల తోబుట్టువులే. వానిపై పేర్లు గీయకుడు, బట్టలుదుక రాతిగా వేయనీయకుడు. కనబడినచోటనే యుంచి పెద్దలకును పురావస్తుశాఖవారికిని తెలుపుడు. ఎగ్మూరులో నేర్చిన చూపు స్వగ్రామమున పనిచేసినప్పుడే ఆ ప్రయాణపు వ్యయము సార్థకమగును.