తొందరపెట్టకూడని పనివాళ్లు



ఈ నెల మాట "మురుగు". మనం వాడిన తరువాత ఇంటినుంచి బయటికి పోయే మురికి నీరే మురుగునీరు. ముక్కు మూసుకోకండి. ఈ మాట వెనుక తెలుసుకోవలసిన కథ ఒకటి ఉంది. అది దుబాయ్ కథ.

2008లో దుబాయ్ చాలా వేగంగా పెరుగుతోంది. ఎన్నో ఇళ్లకు, కార్మికుల శిబిరాలకు మురుగు కాలువలు లేవు. ట్యాంకర్ లారీలు మురుగును అవీర్‌లోని శుద్ధి కేంద్రానికి మోసేవి. అక్కడ గంటల తరబడి వరుసలో నిలబడాలి. కొందరు డ్రైవర్లు ఆగలేక వాననీటి కాలువల్లో పారబోశారు. ఆ కాలువలు సముద్రంలో కలుస్తాయి. జుమైరా తీరంలో నీళ్లు పాడయ్యాయి.

తప్పు డ్రైవర్లదే అనిపిస్తుంది. కానీ ఆ వరుస ఎందుకు అంత పొడవయింది? శుద్ధి కేంద్రం చేయగలిగే పనికంటే వచ్చే మురుగు ఎక్కువ. అలాంటప్పుడు మోటార్లు పెంచితే చాలదు. అక్కడ అసలు పనివాళ్లు కంటికి కనపడని బాక్టీరియా.

ఒక గుంపు మురుగులోని సేంద్రియ పదార్థాన్ని, అంటే కుళ్లే పదార్థాన్ని, తింటుంది. ఇది త్వరగా పెరుగుతుంది. రెండో గుంపు అమ్మోనియాను నైట్రేట్‌గా మారుస్తుంది. ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. నీటిని తొందరగా తోసేస్తే ఈ గుంపు పెరిగేలోపే కొట్టుకుపోతుంది. ఈ రెండు గుంపులకూ గాలి ఊదాలి. పైగా ఎండ దేశంలో వేడి నీరు ఆక్సిజన్‌ను తక్కువగా పట్టుకుంటుంది: 20 డిగ్రీల దగ్గర లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాములు, 35 దగ్గర సుమారు 7.

మూడో గుంపు గాలి ఊదని తొట్టిలో ఉంటుంది. అది నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. మిగిలిన నత్రజని బుడగలై గాలిలో కలుస్తుంది. గాలిలో 78 శాతం నత్రజనే కదా! ఈ గుంపుకు తిండి సేంద్రియ పదార్థమే. అందుకే చాలాచోట్ల గాలి లేని తొట్టిని ముందు కడతారు. వెనుక తొట్టిలోని నైట్రేట్ నీటిని పంపుతో ముందుకు తిప్పుతారు. ఒకే దెబ్బకు రెండు పిట్టలు: నత్రజని పోతుంది, కుళ్లే పదార్థమూ తగ్గుతుంది. ఊదవలసిన గాలీ, కరెంటు ఖర్చూ తగ్గుతాయి.

నత్రజనిని ఎందుకు తీయాలి? మన తాతముత్తాతలు పనిచేసిన చెరకు తోటల్లో అది ఎరువు. సముద్రపు పాయలో అదే నాచుకు తిండి. నాచు పెరిగి కుళ్లితే నీటిలో ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి. దుబాయ్‌లో శుద్ధి చేసిన నీటిని తోటలకు, రోడ్ల పక్క చెట్లకు పెడతారు. అక్కడ కాస్త నత్రజని మిగిలినా మేలే. నీరు ఎక్కడికి పోతుందో చూసి, ఎంత తీయాలో నిర్ణయించుకోవాలి.

తరువాత జెబెల్ అలీలో పెద్ద కేంద్రం కట్టారు. రెండో దశతో దాని సామర్థ్యం రోజుకు 6,75,000 ఘనపు మీటర్లు అయింది. ఊరు కట్టేముందే దాని మురుగుకు చోటు చూడాలి. లేకపోతే ఆ భారం లారీ నడిపే కూలివాడి మీద, ఆ తరువాత సముద్రం మీద పడుతుంది.

ఈ నెల నేర్చుకోవలసిన మాటలు: మురుగు, శుద్ధి, నత్రజని, తొట్టి, నాచు. ఒక్కొక్క మాటతో ఒక వాక్యం రాయండి. ఇంట్లో పెద్దవాళ్లకు చదివి వినిపించండి.