తలుపు తట్టే మర్యాద

రాత్రి పడుకునే ముందు ఇంట్లోని కుర్రవాడు కంప్యూటర్‌లో కొత్త ఆపరేటింగ్ సిస్టం ఎక్కిస్తాడు. ఫజ్ర్ నమాజు ముగించుకుని వచ్చిన తండ్రి తెర ముందు కూర్చుంటే, ఏళ్ల తరబడి ఎడమ మూలన కనిపించిన స్టార్ట్ బటన్ అక్కడ ఉండదు. మసీదు కమిటీ జమాఖర్చుల ఫైలు ఎక్కడికి పోయిందో తెలియదు. ఉర్దూలో ఉత్తరాలు టైపు చేసే పాత ప్రోగ్రాం తెరుచుకుంటుందో లేదో తెలియదు. "ఎవరినడిగి మార్చావు బేటా?" అని ఆయన అడుగుతారు. "మార్చకపోతే ప్రమాదం అబ్బా" అని కుమారుడు జవాబిస్తాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది.

కొత్త ఆపరేటింగ్ సిస్టం విడుదలైన ప్రతిసారీ ఈ సంభాషణే ప్రపంచమంతటా జరుగుతుంది. కొందరు మెచ్చుకుంటారు, కొందరు మండిపడతారు, మరికొందరు ఎగతాళి చేస్తారు. ఈ కోలాహలంలో ఏది కేవలం అలవాటు చెప్పే మాట, ఏది హక్కు కోసం చెప్పే మాట అన్నది వేరు చేసి చూడాలని మేము భావిస్తున్నాము. ఈ రెండింటినీ కలగలిపితే న్యాయమైన ఫిర్యాదు కూడా గొణుగుడుగానే మిగిలిపోతుంది.

మొదట అలవాటు సంగతి చూద్దాం. 2021 అక్టోబర్ 5న విండోస్ 11 విడుదలైంది. స్టార్ట్ బటన్ తెర అడుగున మధ్యకు జరిగింది. మౌస్ కుడి బటన్ నొక్కితే కనిపించే జాబితా కుదించుకుపోయి, పాత జాబితా కోసం మరోసారి నొక్కవలసి వచ్చింది. ఫైలును లాగి టాస్క్‌బార్ మీద వదిలే సౌకర్యం మొదట్లో లేకుండా పోయింది. వినియోగదారులు గట్టిగా అడిగిన తర్వాత, 2022లో వచ్చిన పెద్ద అప్‌డేట్‌తో అది తిరిగి వచ్చింది. బటన్ మధ్యలో ఉండటం మాత్రం చాలామందికి కొన్ని వారాల్లోనే అలవాటైపోయింది. కాదనుకున్నవారు సెట్టింగ్స్‌లోకి వెళ్లి దాన్ని ఎడమవైపునకు మార్చుకున్నారు.

అలవాటు నుంచి పుట్టిన ఫిర్యాదులన్నీ తేలికైనవని అనుకోరాదు. 2012 అక్టోబర్ 26న విండోస్ 8 వచ్చినప్పుడు స్టార్ట్ బటన్‌నే తొలగించారు. వేలితో తాకే టాబ్లెట్ల కోసం తీర్చిదిద్దిన పెద్ద పెద్ద పలకలను, మౌస్‌తో పనిచేసే కార్యాలయపు కంప్యూటర్ల మీద కూడా పరిచారు. కంప్యూటర్‌ను ఆపివేయడం ఎలాగో తెలియక ఎందరో తడబడ్డారు. అసంతృప్తి ఎంతగా వ్యక్తమైందంటే, ఏడాది తిరగకుండానే, 2013 అక్టోబర్ 17న వచ్చిన 8.1లో మైక్రోసాఫ్ట్ ఆ బటన్‌ను తిరిగి పెట్టింది. పాత పద్ధతిని పోలిన స్టార్ట్ మెనూ 2015 జూలై 29న విడుదలైన విండోస్ 10తో మళ్లీ వచ్చింది. ఒక పనిముట్టును రోజూ వాడే మనిషి, దాని గురించి తయారీదారు కంటే కొన్ని సంగతులు బాగా తెలిసినవాడై ఉంటాడు. పేజ్‌మేకర్‌లో తెలుగు కరపత్రాలు, ఇన్‌పేజ్‌లో ఉర్దూ శుభలేఖలు కూర్చే డీటీపీ పనివారు కొత్త సిస్టం అంటే వెనుకాడితే, అది బద్ధకం కాదు. వారి జీవనోపాధి ఆ పాత ప్రోగ్రాంలతో ముడిపడి ఉంది.

ఇక హక్కుకు సంబంధించిన ఫిర్యాదులు. వీటిలో మొదటిది అనుమతి.

విండోస్ 10ను మొదటి ఏడాది ఉచితంగా ఇచ్చారు. దాన్ని ఎక్కించుకోమంటూ పాత కంప్యూటర్ల తెరపై ప్రకటన పదేపదే వచ్చేది. వద్దనుకున్నవారు మూలనున్న ఇంటూ గుర్తు నొక్కి దాన్ని మూసేవారు. 2016 మే నాటికి ఆ ప్రకటన స్వరూపం మారింది. ఇంటూ గుర్తు నొక్కి మూసినా, ముందే నిర్ణయించిన సమయానికి సిస్టం మారిపోవడానికి అంగీకరించినట్లే పరిగణించారు. మూయడమంటే వద్దనడమేనని ఏళ్లుగా నేర్చుకున్న మనుషుల చేత, వారికి తెలియకుండానే ఔననిపించడం అది. పత్రికల్లో విమర్శలు వెల్లువెత్తాయి. తాము హద్దు దాటామని ఆ సంస్థ ఉన్నతాధికారి ఒకరు అదే ఏడాది చివరలో బహిరంగంగా ఒప్పుకున్నారు.

ఈ ఉదంతం చదివినప్పుడు మాకు నూర్ సూరా గుర్తుకు వచ్చింది. ఇతరుల ఇళ్లలోకి అనుమతి పొంది, సలాం చెప్పి ప్రవేశించాలనీ, తిరిగి వెళ్లిపొమ్మంటే వెళ్లిపోవాలనీ, అదే మీకు పరిశుద్ధమైన పద్ధతి అనీ దివ్య ఖుర్ఆన్ అందులో బోధించింది. మూడుసార్లు అనుమతి కోరి, లభించకపోతే వెనుదిరగాలని దైవప్రవక్త (స) నేర్పారు. మౌనాన్ని అంగీకారంగా లెక్కగట్టి లోపలికి నడిచే స్వేచ్ఛ ఆ వచ్చినవాడికి లేదు. నేటి కంప్యూటర్ తెర కూడా ఒక గడపే. దాని వెనుక మన ఉత్తరాలు, ఫోటోలు, లెక్కలు, పిల్లల చదువు ఉన్నాయి. ఆ గడప ముందు నిలబడి వందసార్లు అడిగేవాడికీ, తలుపు మూస్తే దాన్నే ఆహ్వానంగా తీసుకునేవాడికీ మర్యాద తెలియదని అనడం ఛాందసం కాదు.

రెండవది ఆంతర్యం. 2024 మే 20న మైక్రోసాఫ్ట్ రీకాల్ అనే కొత్త సౌకర్యాన్ని ప్రకటించింది. కృత్రిమ మేధ కోసం ప్రత్యేకంగా తయారైన కొత్త కంప్యూటర్లలో, కొద్ది క్షణాలకొకసారి తెర చిత్రాన్ని తీసి దాచి ఉంచడం దీని పని. ఎప్పుడో చూసిన విషయాన్ని మాటల్లో వర్ణించి వెతికితే దొరుకుతుందన్నది వారు చూపిన ప్రయోజనం. ఆ చిత్రాలు కంప్యూటర్‌లోనే ఉంటాయనీ, బయటకు పోవనీ సంస్థ చెప్పింది. అయితే అలా సేకరించిన సమాచారం తొలి రూపంలో సులభంగా చదవడానికి వీలుగానే నిల్వ అవుతోందని భద్రతా పరిశోధకులు బయటపెట్టారు. కంప్యూటర్‌లోకి చొరబడిన దొంగకు ఇంటివారి దినచర్య అంతా ఒకేచోట దొరికే పరిస్థితి అది.

వినియోగదారులు ఊరుకోలేదు. జూన్ 7న సంస్థ దిగివచ్చి, వినియోగదారుడు కోరుకుంటేనే ఇది పనిచేస్తుందనీ, ముఖం లేదా వేలిముద్ర వంటి గుర్తింపుతోనే తెరుచుకుంటుందనీ ప్రకటించింది. ఆ తర్వాత విడుదలనే వాయిదా వేసింది. అదనపు రక్షణలతో 2025 ఏప్రిల్‌లో గానీ అది సాధారణ వినియోగదారులకు అందలేదు. ఒకరి రహస్యాలను కూపీ లాగవద్దని హుజురాత్ సూరాలో ఉన్న ఆదేశం మనుషులకు సంబంధించినది. మనుషులు తయారుచేసిన యంత్రం ఆ పనికి సాధనంగా మారకుండా చూడటం కూడా మనుషుల బాధ్యతే.

మూడవది దుబారా. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా పరికరం తప్పనిసరి అన్నారు. ఇంటెల్ ప్రాసెసర్లలో ప్రధానంగా 8వ తరం, ఆ పై వాటినే అంగీకరించారు. ఫలితంగా చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు ఎన్నో అనర్హమైనాయి. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు ఉచిత భద్రతా మద్దతు ముగిసింది. పిల్లవాడి చదువు కోసం వాయిదాల మీద కొన్న కంప్యూటర్ చెడిపోకుండానే పాతబడింది. దుబారా చేసేవారిని షైతాను సోదరులుగా పేర్కొన్న గ్రంథాన్ని పారాయణం చేసే మనం, పనిచేసే యంత్రాన్ని చెత్తకుప్పకు పంపే ముందు ఒక్క క్షణం ఆగవద్దా?

ఇంతవరకు చెప్పినది ఒక పార్శ్వం. న్యాయంగా మాట్లాడాలంటే రెండవ పార్శ్వమూ చెప్పాలి. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచమంతటా కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగింది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల పని స్తంభించింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చి ఉంది. ఎక్కించుకున్నవారు బయటపడ్డారు, అశ్రద్ధ చేసినవారు నష్టపోయారు. కాబట్టి "ఏ అప్‌డేట్ వచ్చినా వద్దు" అనడం జాగ్రత్త అనిపించుకోదు. టీపీఎం కూడా తాళంచెవులను భద్రపరిచే పరికరమే. దాన్ని కోరడం వెనుక భద్రతా కారణం లేకపోలేదు. వాట్సాప్‌లో వచ్చిన "కొత్త విండోస్ పెడితే బ్యాంకు ఖాతా ఖాళీ" వంటి సందేశాలను పరిశీలించకుండా పదిమందికి పంపడం మరో తప్పు. వచ్చిన వార్తను నిర్ధారించుకోవాలన్న ఆజ్ఞ కూడా హుజురాత్ సూరాలోనే ఉంది.

మరి మన ఇళ్లలో ఏం చేయాలి? ముందుగా కంప్యూటర్‌ను కుటుంబ అమానత్‌గా చూడాలి. ఏ పెద్ద మార్పుకైనా ముందు ఫోటోలు, సర్టిఫికెట్లు, ఆస్తి పత్రాల నకళ్లు విడిగా ఒక హార్డ్ డిస్క్‌లో భద్రపరచాలి. మన కంప్యూటర్ కొత్త సిస్టంకు అర్హమో కాదో మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ ప్రోగ్రాంతో చూసుకోవచ్చు. అర్హం కాకపోతే తొందరపడనవసరం లేదు. ఇళ్లలోని విండోస్ 10 కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు అదనపు భద్రతా అప్‌డేట్లు పొందే అవకాశం ఉంది. సొమ్ము చెల్లించి గానీ, సెట్టింగ్స్‌ను మైక్రోసాఫ్ట్ ఖాతాతో బ్యాకప్ చేసి ఉచితంగా గానీ నమోదు కావచ్చు. ఆ తర్వాత కూడా లినక్స్ మింట్ వంటి ఉచిత సిస్టంను ఎక్కించి, చదువుకూ టైపింగుకూ ఆ యంత్రాన్ని వాడుకోవచ్చు. ఎవరో ఇచ్చిన దొంగ కాపీ మాత్రం ఎక్కించరాదు. అది ఇతరుల శ్రమను అపహరించడమే గాక, ఇంటి తాళంచెవిని అపరిచితుని చేతిలో పెట్టడం కూడా.

కొత్త సిస్టం మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే ప్రశ్నలను చదవకుండా "అంగీకరిస్తున్నాను" అని నొక్కుకుంటూ పోరాదు. అవసరం లేనిదానికి వద్దని చెప్పే హక్కు మనకుంది. ఆ హక్కును మనమే వాడుకోకపోతే, ఎదుటివారు గౌరవించలేదని వాపోవడంలో అర్థం లేదు.

చివరగా మనల్ని మనం ప్రశ్నించుకోవలసిన మాట ఒకటుంది. అనుమతి లేకుండా మన తెర మీదికి వచ్చినందుకు సుదూర దేశంలోని సంస్థ మీద ఆగ్రహిస్తున్నాం. అదే మనం, ఇంట్లో ఎదిగిన చెల్లెలి సందేశాలను ఆమెకు తెలియకుండా చదువుతున్నామా? భార్య పాస్‌వర్డ్‌ను అడగడం మన హక్కని అనుకుంటున్నామా? చిన్నపిల్లలను కనిపెట్టి ఉండటం తల్లిదండ్రుల బాధ్యత. దాన్ని కూడా పిల్లలకు చెప్పి చేయడం మేలు. ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కొక్క ఖాతా ఏర్పరిస్తే సగం చిక్కులు తొలగిపోతాయి.

మొదట చెప్పుకున్న ఆ తండ్రీకొడుకుల వద్దకే వద్దాం. కుమారుడు చేసిన పని మంచిదే. చేసిన పద్ధతిలోనే లోపం ఉంది. ముందురోజు సాయంత్రం తండ్రి పక్కన కూర్చుని, "అబ్బా, పాతదానికి మద్దతు ఆగిపోయింది. మార్చవచ్చా? మీ ఫైళ్లు ఎక్కడ ఉంటాయో చూపిస్తాను" అని అడిగి ఉంటే ఆ ఉదయం మరోలా ఉండేది. విశ్వాసులు తమ వ్యవహారాలను పరస్పర సంప్రదింపులతో నడుపుకుంటారని దివ్య ఖుర్ఆన్ ప్రశంసించింది. ఒక బటన్ స్థానం మార్చడం చిన్న వ్యవహారమే కావచ్చు. కానీ ఆ బటన్‌ను రోజూ నొక్కే చేయి మన తండ్రిది. ఈ నెలలో మీ ఇంటి కంప్యూటర్‌లో ఏ మార్పు చేయదలచినా, ముందుగా ఆ చేతిని అడగండి.